ఎనిమిదో కణుపు

సోమవారం పదకొండు గంటలకు ల్యాబ్‌కి రెండు సీసాలు వచ్చాయి. రెంటిలోనూ స్పిరిటు, స్పిరిటులో నల్లని నలుసులు. మొదటి సీసా లోపలి చీటీ మీద ‘వెంకయ్య పొలం, మిరప పూలు, ఎర్రబాడు’ అని పెన్సిలుతో రాసి ఉంది. రెండో దాంట్లో ‘రహిమున్నీసా నర్సరీ, ఎర్రబాడు’ అని మాత్రమే ఉంది. ఏ మొక్క మీద పట్టారో రాయలేదు.

జక్రయ్య రెండో సీసాను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి తిప్పి చూశాడు. అడుగున పసుపు రేక ఒకటి కదిలింది.

“మేడమ్, ఇవి మిరప నారు మీద పట్టినవి కాదండి. బంతిపూలు దులిపారు.”

శ్రీరమ్య కంప్యూటరు మీంచి తల తిప్పింది. ఆమె ఆ పరిశోధన కేంద్రంలో పురుగుల శాస్త్రవేత్తగా చేరి పద్నాలుగు నెలలు. ప్రొబేషన్ ఇంకా పది నెలలు ఉంది.

“ఊళ్లో వేసిన కమిటీ వాళ్లు పట్టుకొచ్చినవండి. ఏది దొరికితే అది దులిపి ఉంటారు. మీరు చీటీ మీద రాసి పెట్టండి.”

జక్రయ్య చీటీ బయటకు లాగి, ‘బంతి’ అని రాసి, మళ్లీ స్పిరిటులో వేశాడు. పెన్నుతో రాస్తే స్పిరిటు సిరాను తాగేస్తుంది. పెన్సిలు నిలుస్తుంది.

ఎర్రబాడు జక్రయ్యది కూడా. ఆ ఏడు ఆ ఊళ్లో మిరప ఎవరికీ దక్కలేదు. కొత్తగా వచ్చిన నల్ల తామర పురుగు పూలల్లో చేరి నాకేసింది. పూత రాలింది, ఆకు ముడుచుకుంది, మందు మీద మందు కొట్టినా పోలేదు. పురుగు ఎక్కణ్నుంచి వచ్చిందన్న ప్రశ్నకు ఊరు ఒక జవాబు వెతుక్కుంది. సగం ఊరు నారు కొన్నది రహిమున్నీసా నర్సరీలో. కాబట్టి పురుగూ అక్కణ్నుంచే వచ్చింది. వెంకయ్య ఆ మాట ముందు అన్నాడు, తర్వాత అర్జీ పెట్టాడు. గురువారం ఊళ్లో మీటింగు. పొలంలో పురుగూ నర్సరీలో పురుగూ ఒకటేనని కేంద్రం రిపోర్టు ఇస్తే నర్సరీ లైసెన్సు రద్దవుతుంది, ఉన్న నారు పీకి తగలబెడతారు.

జక్రయ్య పని ఆ పురుగుల్ని గాజు పలక మీద నిలబెట్టడం. తామర పురుగు నువ్వుగింజలో మూడో వంతు ఉంటుంది. కుంచె కొనతో దాన్ని స్పిరిటులోంచి తీసి, పొట్టలో సూదితో ఒక్క పోటు పొడిచి, కాస్టిక్ నీళ్లలో వేయాలి. లోపలి కొవ్వు కరిగి, పురుగు అద్దంలా అవుతుంది. తర్వాత గాజు మీద జిగురు చుక్క వేసి, అందులో పురుగును పడుకోబెట్టి, రెక్కలు విప్పాలి, కాళ్లు చాపాలి, మీసాలు తిన్నగా చేయాలి. జిగురు ఆరేలోపు అయిపోవాలి. పైన పల్చని గాజు బిళ్ల. ఆ తర్వాత ఓవెన్లో ఒక రాత్రి.

ఆ సూది కేంద్రం ఇచ్చింది కాదు. వెంట్రుకంత సూదిని చీపురుపుల్లకు గుచ్చి, దారం చుట్టి, జక్రయ్యే చేసుకున్నాడు. ఈ పనికి రాకముందు ఒంగోలు వైపు పొగాకు బ్యారన్లలో ఆకు గుచ్చేవాడు. ఆకు చిరగకుండా దబ్బనం ఎలా దూర్చాలో ఆ చేతికి తెలుసు. ఇరవై ఆరేళ్లుగా ఆ చెయ్యే ఇక్కడ అన్నం పెడుతోంది. కాగితాల్లో మాత్రం అతను అటెండరు, అదీ ఔట్‌సోర్సింగు.

స్లైడుకు రెండు చీటీలుంటాయి. కుడివైపుది జక్రయ్యది. ఊరు, మొక్క, తేదీ అందులో పెన్సిలుతో అతను రాస్తాడు. ఎడమవైపుది శాస్త్రవేత్తది. పురుగు పేరు అక్కడ రాస్తారు. ఇరవై ఆరేళ్లలో ఎడమ చీటీ మీద జక్రయ్య పెన్సిలు పెట్టలేదు.

సాయంత్రానికి పన్నెండు స్లైడ్లు ఓవెన్లోకి వెళ్లాయి. వెంకయ్య పొలంవి ఆరు, నర్సరీవి ఆరు.

*

మంగళవారం పొద్దున శ్రీరమ్య రాకముందే జక్రయ్య మైక్రోస్కోపు కింద మొదటి స్లైడు పెట్టాడు.

తామర పురుగుకు పొట్ట మీద పది కణుపులు. ఎనిమిదో కణుపు వెనక అంచున సన్నని పళ్ల వరుస ఒకటి ఉంటుంది. ల్యాబ్‌లో దాన్ని దువ్వెన అంటారు. ఏది ఏ పురుగో తేల్చేటప్పుడు చూసే చోట్లలో అదొకటి.

వెంకయ్య పొలం పురుగుకు దువ్వెన నడుమ బోడిగా ఉంది. రెండు కొసల్లో నాలుగేసి పళ్లు, మధ్యలో ఖాళీ. రెండో స్లైడూ అంతే. ఆరూ అంతే.

నర్సరీ స్లైడు పెట్టాడు. దువ్వెన ఈ కొస నుంచి ఆ కొసదాకా నిండుగా ఉంది. ఆరింటికీ ఉంది.

శ్రీరమ్య వచ్చి బ్యాగు బల్ల మీద పెట్టకముందే కుర్చీ ఆమెకు జరిపాడు. ఆమె పన్నెండూ చూసింది. పుస్తకం తెరిచి, మీసాల కణుపులు లెక్కపెట్టి, పొట్ట కింది వెంట్రుకల వరుసలు చూసి, మళ్లీ పన్నెండూ చూసింది.

“పొలంలోది పార్విస్పైనస్,” అంది. “నర్సరీది హవాయియెన్సిస్. బంతిలో, మల్లెలో ఎప్పుడూ ఉండేదే.”

“అయితే ఆమె తప్పించుకున్నట్టేనాండి?”

“రెండూ త్రిప్స్ ప్రజాతేనండి. నల్లగానే ఉంటాయి. కానీ ఒకటి కాదు.”

“ఇంటిపేరు ఒకటే, మనుషులు వేరు.”

శ్రీరమ్య నవ్వింది. “అంతే. మన పేర్లలాగే పురుగుకీ ఇంటిపేరు ముందొస్తుంది.”

ఆ సాయంత్రం జక్రయ్య బస్సు దిగి నర్సరీ మీదుగా నడిచాడు. నర్సరీ కాలవ కట్ట పక్కన అరెకరం. ఆకుపచ్చ నెట్టు కింద ట్రేలల్లో, కొబ్బరి పొట్టులో నారు. పొలాల్లో చచ్చిన మొక్కల చోట నాటుకుంటారని వేసిన ఆఖరి నారు అది. కొనేవాళ్లు రావడం లేదు. నెట్టు చుట్టూ బంతి విరగబూసింది.

రహిమున్నీసా గొట్టంతో నీళ్లు చల్లుతోంది. ఆమె భర్త అల్లాబక్షు పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పని చేస్తాడు, వారానికి ఒక్కసారి వస్తాడు. నర్సరీ చేసేదంతా ఆమే.

“రా జక్రయ్యన్నా. నా పురుగుల్ని పడుకోబెట్టావంట కదా గాజుల మీద. బాగా నిద్రపోయాయా?”

“బంతి ఎందుకేశావమ్మా ఇంత?”

“మీ ఆఫీసువాళ్లే గదన్నా చెప్పింది. నర్సరీ చుట్టూ బంతి వెయ్యి, పురుగులు దాని మీదికి పోతాయి, నారు బాగుంటదని. వేశాను. వచ్చినాయి. ఇప్పుడు ఆ వచ్చినవాటినే పట్టకపోయి నీ నర్సరీలో పురుగుందంటున్నారు.” ఆమె గొట్టం మడిచి నీళ్లు ఆపింది. “నారు దులపండయ్యా అని కమిటీవాళ్లను బతిమాలాను. ఒక్క ట్రే ముట్టుకోలేదు. పూల దగ్గర నిలబడి ఫొటోలు దిగారు.”

“నీ పురుగు వేరమ్మా.”

“ఏంది?”

“నా కళ్లతో చూశాను. మేడమూ చూసింది. నీది పాత పురుగు. పొలాల్లో ఉన్నది కొత్తది.”

ఆమె అతని మొహంలోకి చూసింది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుంది.

“ఆ మాట గురువారం అందరి ముందూ అంటారా?”

“రిపోర్టులో వస్తుంది గదమ్మా.”

“రిపోర్టు నాకు చదవడం రాదు. నోటితో అంటారా అని అడుగుతున్నా.”

జక్రయ్య అంటారన్నాడు.

*

బుధవారం శివరామకృష్ణ గారు ల్యాబ్‌కి వచ్చారు. ఆయన కేంద్రానికి పెద్ద. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. శ్రీరమ్య రాసిన రిపోర్టు చేతిలో ఉంది. రెండు పేర్ల చుట్టూ ఎర్ర సిరాతో గుండ్రాలు గీసి ఉన్నాయి.

“పార్విస్పైనస్ అని తేల్చడానికి నీ దగ్గర సరిపోల్చుకునే స్లైడు ఉందామ్మా?”

“హవాయియెన్సిస్‌వి ఉన్నాయి సార్. పార్విస్పైనస్‌వి మన బీరువాలో లేవు. పుస్తకంతో చూశాను.”

“పై సంస్థకు పంపితే ఎన్నాళ్లు?”

“మూడు వారాలు సార్.”

“మీటింగు రేపు. ఈలోపు మనం పేరు రాసి, అక్కడ వాళ్లు కాదంటే?” ఆయన కాగితం బల్ల మీద పెట్టారు. “మనకు నిక్కచ్చిగా తెలిసినంతే రాద్దాం. రెండూ త్రిప్స్. పక్కన రాసే రెండో పేరు ఖాళీ. అబద్ధం కాదుగా?”

“అబద్ధం కాదు సార్. కానీ ఒకటేనని అనుకుంటారు.”

“వాళ్లు అనుకునేదానికి మనం సంతకం పెట్టడం లేదు.”

ఆయన వెళ్లాక శ్రీరమ్య కాగితం దగ్గరికి లాక్కుంది. “ఒక్క పాత స్లైడు ఉన్నా బాగుండేదండి,” అంది. “కచ్చితంగా పార్విస్పైనస్ అన్నది ఒక్కటి.”

జక్రయ్య ఓవెను తుడుస్తున్నాడు. గుడ్డ ఆగింది.

నడుమ బోడిగా ఉన్న దువ్వెనను అతను చూడటం నిన్న మొదటిసారి కాదు. నిన్న కళ్లు పెట్టినప్పుడే ఏదో తగిలింది. ఎక్కడ చూశాడో ఇప్పుడు గుర్తొచ్చింది.

బల్ల కింద బిస్కెట్ల డబ్బా ఒకటి ఉంది. జిగురులో గాలి బుడగ చేరినవి, రెక్క చిరిగినవి, మీసం విరిగినవి అందులో వేస్తాడు. అది తన చేతి తప్పుల డబ్బా. ఎవరికీ చూపించేది కాదు. అందులో నలభై రెండు స్లైడ్లు ఉన్నాయి. జక్రయ్య ఒక్కొక్కటే వెలుగులో పెట్టి కుడి చీటీలు చదివాడు. తొమ్మిదోది తీసి శ్రీరమ్యకు ఇచ్చాడు.

చీటీ మీద ‘బొప్పాయి పూలు, కేంద్రం నారు షెడ్డు పక్క’ అని ఉంది. తేదీ రెండేళ్ల కిందటి సెప్టెంబరు. ఎడమ చీటీ మీద పాత శాస్త్రవేత్త చేతిరాతతో ‘త్రిప్స్’ అని మాత్రమే ఉంది. కుడి చీటీ అడుగున, గీత గీసి, జక్రయ్య చేతిరాతతో ‘పాడు’ అని ఉంది.

శ్రీరమ్య లెన్సు మార్చింది. ముందు దువ్వెన చూసింది, తర్వాత పొట్ట కింద వెంట్రుకలు చూసింది. లేచి, మళ్లీ కూచుని చూసింది.

“ఇది పార్విస్పైనసేనండి.” ఆమె గొంతు తగ్గింది. “రెండేళ్ల కిందటే ఇక్కడ ఉంది. పాడు అని ఎందుకు రాశారు?”

జక్రయ్య డబ్బా మూత పెట్టాడు.

“దువ్వెన నా సూది తగిలి విరిగిందనుకున్నానండి. అంతకుముందు చూసిన నల్లవాటన్నిటికీ నిండుగా ఉండేది. దీనికి నడుమ పళ్లు లేవు. నా చెయ్యే తప్పిందనుకున్నాను. సార్‌వాళ్లు చూస్తే బాగోదని డబ్బాలో పడేశాను.”

“అడిగి ఉండొచ్చు కదండీ.”

“పాడుచేశానని ఎట్లా చెప్పనండి?”

కిటికీలోంచి నారు షెడ్డు కనిపిస్తోంది. బొప్పాయి చెట్లు కొట్టేశారు, మొదళ్లు మిగిలాయి. ఆ ఏడు ఆ షెడ్డులో పెంచిన మిరప నారును కేంద్రం ప్రదర్శన క్షేత్రాలుగా ఎంచుకున్న రైతుల పొలాలకు పంచింది. ఎర్రబాడులో ముందు తీసుకున్నది వెంకయ్య. కేంద్రం పేరుతో రేకు బోర్డు ఇప్పటికీ అతని గట్టు మీద ఉంది. పురుగు ఎక్కణ్నుంచి ఎక్కడికి పోయిందో ఆ స్లైడు చెప్పదు. రహిమున్నీసా మీద అర్జీ పుట్టడానికి రెండేళ్ల ముందే అది ఇక్కడ ఉందని మాత్రం చెబుతుంది.

శ్రీరమ్య స్లైడు తీసుకుని శివరామకృష్ణ గారి గదికి వెళ్లింది. పావుగంటకు వట్టి చేతులతో తిరిగొచ్చింది.

“సార్ దగ్గరే ఉంచుకున్నారు,” అంది. “మీరు రాసిందే చూపించారండి నాకు. పాడైన స్లైడుతో పేరు తేలుస్తామా అన్నారు.”

*

గురువారం మీటింగు పంచాయతీ ఆఫీసు ముందు షామియానా కింద జరిగింది. తెల్ల గోడ మీద ప్రొజెక్టరు వేశారు. జక్రయ్య వైర్లు కలిపి పక్కన నిలబడ్డాడు. రైతులు కుర్చీల్లో, ఆడవాళ్లు చాపల మీద కూచున్నారు. అల్లాబక్షు రాలేదు. బట్టీలో సెలవు ఇవ్వలేదు. రహిమున్నీసా చాప చివర ఒక్కతే కూచుంది.

గోడ మీద రెండు పురుగులు పడ్డాయి. ఒక్కోటి గేదె దూడంత ఉంది. రెండూ నల్లగానే ఉన్నాయి. ఆ ఫొటోలు తీసింది జక్రయ్యే. చిన్న లెన్సుతో తీయమని సార్ అన్నారు, తీశాడు. చిన్న లెన్సులో దువ్వెన కనిపించదు.

శివరామకృష్ణ గారు మైకు పట్టుకుని రిపోర్టు చదివారు. పొలంలో సేకరించినవీ నర్సరీలో సేకరించినవీ ఒకే ప్రజాతికి, అంటే త్రిప్స్‌కు చెందినవని తేలింది. తదుపరి వివరాలకు నమూనాలు పై సంస్థకు పంపడమైనది.

“తదుపరి దాకా ఎందుకండీ?” వెంకయ్య లేచాడు. మూడెకరాల మిరప పీకేసిన మనిషి. గడ్డం మాసి ఉంది. “ఒకటేనని తేలిందన్నారు కదా. ఇంకేం కావాలి?”

“ఒకే ప్రజాతి అన్నానండి.”

“అదే మేమూ అంటోంది. గోడ మీద కనపడట్లేదా? ఇదీ నలుపే, అదీ నలుపే.”

కుర్చీల్లోంచి అవునన్న మాటలు లేచాయి. శ్రీరమ్య రిపోర్టు కాపీని నిలువుగా మడిచింది, మళ్లీ అడ్డంగా మడిచింది.

రహిమున్నీసా లేచింది. మైకు వైపు పోలేదు. షామియానా గుంజ పక్కన ఉన్న జక్రయ్య వైపు తిరిగింది.

“జక్రయ్యన్నా, నువ్వు చూశానన్నావు కదా. ఒకటేనా?”

గోల తగ్గింది. శివరామకృష్ణ గారు అతని వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు.

“ఒకటి కాదు,” అన్నాడు జక్రయ్య.

“ఏరా జక్రయ్యా,” వెంకయ్య అరిచాడు, “నువ్వెప్పుడు సైంటిస్టువయ్యావురా? గాజులు కడిగేవాడివి నీకెట్లా తెలుస్తుంది?”

“కడిగేదీ నేనే, ఎక్కించేదీ నేనే వెంకయ్య గారూ. మీ పొలంలో పురుగుకి ఎనిమిదో కణుపు మీద దువ్వెన నడుమ పళ్లుండవు. ఈమె బంతిపూల పురుగుకి నిండుగా ఉంటాయి. ఇంటిపేరొకటే. పురుగు ఒకటి కాదు.”

“పురుక్కి దువ్వెనేందిరా?” వెనక నుంచి ఎవరో అన్నారు. “తల దువ్వుకుని బయల్దేరుద్దా మన చేలోకి?”

నవ్వులు లేచాయి. జక్రయ్య ఆగలేదు. “మీ పురుగు రెండేళ్ల కిందటే మా కేంద్రంలో బొప్పాయి మీద ఉంది. నేనే పట్టాను. ఆ పక్క షెడ్డులో నారే మీకిచ్చింది.”

నవ్వులు ఆగాయి. వెంకయ్య గట్టు మీది బోర్డు అందరికీ తెలుసు.

శివరామకృష్ణ గారు మైకు బల్ల మీద పెట్టి, చొక్కా జేబులోంచి కాగితం చుట్టిన స్లైడు తీశారు. వెంకయ్యను పిలిచి చేతికిచ్చారు.

“ఆయన చెబుతున్న స్లైడు ఇదేనండి. కుడివైపు చీటీ మీద అడుగున ఏముందో మీరే చదవండి.”

వెంకయ్య స్లైడును చెయ్యి చాచినంత దూరంలో పట్టుకున్నాడు.

“పాడు,” అని చదివాడు.

“రాసిందెవరు జక్రయ్యా?” అన్నారు శివరామకృష్ణ గారు.

“నేనేనండి.”

“ఎందుకు రాశావు?”

“దువ్వెన విరిగిందనుకుని రాశాను.”

“విరిగిందని అప్పుడు నువ్వే రాశావు. అసలు లేనే లేదని ఇప్పుడు నువ్వే అంటున్నావు.” ఆయన స్లైడు తీసుకుని మళ్లీ కాగితంలో చుట్టారు. “ఇరవై ఆరేళ్లుగా మా దగ్గర చేస్తున్నాడండి. మంచివాడు. ఎంత మంచి చెయ్యయినా ఒక్కోసారి తప్పుతుంది.”

ఈసారి నవ్వు ముందు వరుసల్లోంచి మొదలై చాపల దాకా పాకింది. రహిమున్నీసా నవ్వలేదు. జక్రయ్య చేతుల వైపు చూస్తూ నిలబడింది.

“ఆ ముక్క నీ చేత్తోనే రాశావా అన్నా?” అంది.

“నా చేత్తోనే అమ్మా.”

ఆమె చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. నర్సరీ రద్దు తీర్మానం చదివేటప్పటికి ఆమె షామియానా కింద లేదు.

*

ఇంటికి వచ్చేసరికి చీకటి పడుతోంది. అతని భార్య ఆదెమ్మ వాకిట్లో రాతి మీద చేతులు రుద్దుకుంటోంది. గోళ్లలో కొబ్బరి పొట్టు ఇరుక్కుని ఉంది. వేళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి.

“ఎక్కడికెళ్లావు?”

“ఎక్కడికెళ్తాను? మీటింగయిన గంటకే పంచాయతీవాళ్లు పిలిచారు, నారు పీకాలి రమ్మని. పది మందిమి పోయాం.” ఆమె నీళ్లు గుమ్మరించుకుంది. “ఈ ఏడు కోతలకి పిలిచినోడు లేడు. పీకడానికన్నా పిలిచారు.”

జక్రయ్య అరుగు మీద కూచున్నాడు.

“పీకావా?”

“పీకాను. నేను పోకపోతే ఆ నారు బతికుద్దా? మొక్క ఎంత బాగుందనుకున్నావ్. ఒక్క ఆకు ముడత లేదు. పీకుతుంటే చెయ్యి రాలేదు, అయినా పీకాను.” చేతులు వాసన చూసుకుంది. “ఆమె ఏమీ అనలేదయ్యా. అదే బాధ. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. నిచ్చెనేసుకుని నెట్టు ముడులు విప్పుకుంటోంది, తగలబెట్టకముందే. రెండో కొస పట్టుకునే మనిషి లేడు. ఒక ముడి విప్పడం, దిగడం, నిచ్చెన అవతలికి మోసుకోవడం, మళ్లీ ఎక్కడం.”

“నువ్వు పట్టుకోవాల్సింది.”

“మేస్త్రీ అక్కడే నిలబడ్డాడు. నువ్వు పట్టుకోరాదూ పోయి?”

జక్రయ్య వెళ్లాడు. కాలవ కట్ట మీద పొగ వాసన వేస్తోంది. నెట్టు సగం కింద కుప్పగా పడి ఉంది, సగం వేలాడుతోంది. ట్రేలు బోర్లా పడి ఉన్నాయి. బంతిచెట్లు అలాగే ఉన్నాయి. వాటిని పీకమని తీర్మానంలో లేదు.

అతను నెట్టు కొస పట్టుకున్నాడు. రహిమున్నీసా నిచ్చెన మీద నుంచి చూసి, ముడి విప్పింది. ఇద్దరూ చెరో కొస పట్టుకుని దుప్పటి మడిచినట్టు నెట్టును మడిచారు. చివరి మడతకి దగ్గరగా వచ్చినప్పుడు ఆమె అతని చేతిలోంచి కొస తీసుకుంది.

“ఇక చాలన్నా,” అంది. “పొద్దుపోయింది, ఇంటికి పో.”

*

శుక్రవారం పొద్దున శ్రీరమ్య ల్యాబ్ గుమ్మంలోనే చెప్పింది. అతని మొహం వైపు చూడలేదు.

“సార్ చెప్పమన్నారండి. కొత్త గాజులు ఇంకా రాలేదట. ఆ డబ్బాలో పాడైనవన్నీ కడిగేసి వాడుకుందాం అన్నారు.”

“ఇవ్వాళేనాండి?”

“ఇవ్వాళే. ఎన్ని కడిగారో రిజిస్టర్లో రాయమన్నారు.”

ఆ జిగురు నీళ్లలో కరుగుతుంది. గోరువెచ్చని నీళ్లలో గంట నానబెడితే పైబిళ్ల జారిపోతుంది, పురుగు తేలి, నీళ్లతోపాటు సింకులోకి పోతుంది. గాజులు కొరత పడితే చేసే పనే, ఈ రెండేళ్లూ ఆ అవసరం రాలేదు. జక్రయ్య తొట్టిలో నీళ్లు పోశాడు. డబ్బా బల్ల మీద పెట్టాడు. నలభై ఒకటి ఉన్నాయి.

మొదటి స్లైడు నీళ్ల దాకా తీసుకెళ్లి, ఆగాడు. వెనక్కి వచ్చి మైక్రోస్కోపు కింద పెట్టాడు. రెక్క చిరిగింది. పాడే. నీళ్లలో వేశాడు. రెండోది కూడా చూశాడు. గాలి బుడగ తల మీద ఉంది. పాడే. మూడోది. నాలుగోది. ప్రతిదాని మీదా తన చేతిరాతే. ప్రతిసారీ కింద గీత గీసి మరీ రాశాడు.

“అన్నీ చూసి కడుగుతారా?” అంది శ్రీరమ్య.

“చూడకుండా ఒకసారి పడేశాను కదండి.”

మధ్యాహ్నం పన్నెండు గంటలు దాటాక, డబ్బా అడుగున, ఒకదానికొకటి జిగురంటుకున్న రెండు స్లైడ్లు దొరికాయి. కత్తి మొనతో విడదీశాడు. పైది ఏదో పేనుబంక. కింది దాని కుడి చీటీ మీద ‘బొప్పాయి పూలు, కేంద్రం నారు షెడ్డు పక్క’ అని ఉంది. అదే తేదీ. ‘పాడు’.

ఆ రోజు రెండు ఎక్కించినట్టు అతనికి గుర్తు లేదు.

లెన్సు కింద ఎనిమిదో కణుపు తెచ్చాడు. రెండు కొసల్లో నాలుగేసి పళ్లు ఉన్నాయి. నడుమ బోడి. విరిగిన పన్ను అయితే మొదలు మిగలాలి. ఇక్కడ మొదళ్లు కూడా లేవు. అంచు నున్నగా ఉంది. అతని చెయ్యి తప్పే చెయ్యే. కానీ ఒకే చోట, ఒకే కొలతకి, రెండు పురుగుల మీద అది తప్పదు. ఆ రోజు రెండు స్లైడ్లూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఆ సంగతి ఆ రోజే తెలిసేది. ఒక్కొక్కటే చూశాడు. రెండుసార్లు సిగ్గుపడ్డాడు. రెండుసార్లు డబ్బా మూత పెట్టాడు.

రబ్బరు తీసుకుని కుడి చీటీ మీద ‘పాడు’ తుడిచాడు. పెన్సిలు పోయింది, కింది గీత గాటు మాత్రం మిగిలింది. తర్వాత స్లైడును తనవైపు తిప్పుకుని, ఎడమ చీటీ మీద పాత సారు రాసిన ‘త్రిప్స్’ పక్కన ‘పార్విస్పైనస్’ అని రాశాడు. కుడి చీటీ అంచున జాగా ఉంది. ‘పట్టింది, ఎక్కించింది: జక్రయ్య’ అని రాశాడు.

బీరువాలో స్లైడ్ల అర లాగి, హవాయియెన్సిస్‌ల తర్వాత ఖాళీ గాడిలో దాన్ని దించాడు. అర మూసేసరికి వెనక శ్రీరమ్య నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

ఆమె అర లాగింది. స్లైడు తీసి రెండు చీటీలూ చదివింది. మైక్రోస్కోపు దగ్గరికి తీసుకెళ్లి నిలబడే చూసింది. తిరిగొచ్చి అదే గాడిలో పెట్టింది. రిజిస్టరు తెరిచింది.

“ఎన్ని కడిగారండి?”

“నలభై.”

డబ్బాలో ఎన్ని ఉండాలో ఆమెకు తెలుసు. నలభై అని రాసి, సంతకం పెట్టి, పెన్ను మూత బిగించింది.

“నా ప్రొబేషన్ అయ్యాక దాన్ని పై సంస్థకి పంపుతానండి,” అంది. “అప్పటిదాకా అక్కడ భద్రంగానే ఉంటుందిగా?”

జక్రయ్య తొట్టిలోంచి ఆఖరి గాజు తీసి నీళ్లు విదిల్చాడు.

“ఉంటుందండి,” అన్నాడు. “ఇరవై ఆరేళ్లలో ఆ అర లాగింది నేను కాక మీరొక్కరేనండి.”